నా వీడియోనే నాకు అడ్డొచ్చింది

ఏప్రిల్ మూడో వారం వచ్చిందంటే నూజివీడు చుట్టుపక్కల ఏ వీధిలోకి వెళ్లినా ఆవకాయ ముక్కలు కొట్టే చప్పుడే. కాయని పీట మీద నిలబెట్టి, టెంక సరిగ్గా కత్తి కిందకి వచ్చేలా ఎడమ చేత్తో తిప్పి పట్టుకుని, కుడి చేత్తో ఒకటే వేటు వేయాలి. టెంక రెండుగా పగలాలి. ఆ తర్వాత కొట్టే ప్రతి ముక్కకీ టెంక అంటుకునే ఉండాలి. అలా ఉంటేనే ఊరిన ముక్క ఏడాది పొడవునా మెత్తబడకుండా నిలబడుతుంది. వేటు అర అంగుళం పక్కకి పోయిందా, తెగేది కాయ కాదు, వేలు.

మా నాన్న ఎడమ బొటనవేలి చివర అలాగే పోయింది. సీజన్‌లో కూలికి ముక్కలు కొట్టేవాడు. అప్పుడు నాకు పదకొండేళ్లు. రక్తం పడిన కాయల్ని పక్కకి తీసి, వేలికి గుడ్డ చుట్టుకుని, మిగిలిన బుట్ట పూర్తి చేసి గానీ ఇంటికి రాలేదు.

నాకు వెల్డింగ్ షాపుంది. గేట్లు, గ్రిల్స్, ట్రాక్టర్ ట్రాలీల రిపేర్లు చేస్తాం. ఈ బ్లాగు మొదలుపెట్టింది కూడా ఆ పని గురించి రాసుకోవడానికే. కానీ ఈమధ్య వస్తున్న ఫోన్లలో సగం ఒకే విషయం మీద. "అన్నా, నేనొక మెషిన్ చేశాను, పేటెంట్ ఎలా తీసుకోవాలి?" "బాబాయ్, మా స్వీట్ల పేరు వేరేవాళ్లు వాడేస్తున్నారు, ఏం చెయ్యాలి?" ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పే ఓపిక లేక కాదు. చాలామంది నేను చేసిన తప్పు చేసేశాకే ఫోన్ చేస్తున్నారు. అందుకే అంతా ఒకచోట రాసేస్తున్నాను.

2017 జనవరిలో చింతకింది మల్లేశం గారికి పద్మశ్రీ వచ్చిందని పేపర్లో చదివాను. ఆలేరు దగ్గర చేనేత కుటుంబం. ఒక్క చీరకి ఆసు పోయాలంటే, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, వాళ్ల అమ్మ తొమ్మిది వేలసార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. ఆ బాధ చూడలేక ఏళ్ల తరబడి తంటాలు పడి ఆసు యంత్రం చేసి, దానికి అమ్మ పేరే పెట్టుకున్నారు. ఆ పేపర్ ముక్క కత్తిరించి షాపులో గోడకి అంటించాను. ఆ వేసవిలోనే నా మెషిన్ మొదలుపెట్టాను.

కాలితో తొక్కే పెడల్, లారీ కమాన్ పట్టీ సాన పట్టి చేసిన బ్లేడు. కాయ కూర్చోవడానికి ఇనుప రేకుతో వి ఆకారంలో ఒక గాడి. అసలు సంగతంతా ఆ గాడిలోనే ఉంది. మామిడి టెంక బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కాయ కూడా రెండు పక్కలా కాస్త నొక్కినట్టే ఉంటుంది. గాడి కోణం సరిగ్గా కుదిరితే కాయ తనంతట తానే తిరిగి, టెంక నిలువుగా నిలబడుతుంది. చేత్తో పట్టుకోనక్కర్లేదు. ఆ కోణం దొరకడానికి పదిహేడు గాడులు చేశాను. కొత్తపల్లి కొబ్బరి కాయకి సరిపోయింది జలాలు కాయకి సరిపోయేది కాదు.

పని చేసింది. మా నాన్న వచ్చి తనే నలభై కాయలు కొట్టి చూశాడు. ఏమీ అనలేదు, ఆ బొటనవేలితోనే బ్లేడు అంచు ఒకసారి తడిమి వెళ్లిపోయాడు.

ఆ సంతోషంలో చేసిన రెండు పనులు నన్ను ముంచాయి. 2018 సంక్రాంతికి ఒక రైతుల ఎగ్జిబిషన్‌లో మెషిన్ పెట్టాను, ఫిబ్రవరిలో యూట్యూబ్‌లో నాలుగు నిమిషాల వీడియో పెట్టాను. గాడి కోణం కొలతలతో సహా చెప్పాను, చూసినవాళ్లకి అర్థం కావాలని. జూన్‌లో ఒక కస్టమర్ ద్వారా హైదరాబాద్‌లో పేటెంట్ ఏజెంట్‌గా చేసే ఒక మేడమ్ దగ్గరికి వెళ్లాను. డ్రాయింగ్‌లు బల్ల మీద పరిచాను. ఆవిడ వాటి వంక చూడకముందే అడిగిన మొదటి ప్రశ్న: "ఇది ఇప్పటివరకూ ఎక్కడైనా చూపించారా అండీ?"

నేను గర్వంగా ఫోన్ తీసి వీడియో చూపించాను. పదకొండు వేల వ్యూస్.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా విడమరిచి చెప్పారు. మనం కనిపెట్టినదాన్ని వేరేవాళ్లు చేసి అమ్మకుండా కొన్నేళ్లపాటు ఆపే హక్కే పేటెంట్. అది రావాలంటే మూడు ఉండాలి. వస్తువు కొత్తది కావాలి, ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు, తయారుచేసి వాడుకోగలిగేది కావాలి. ఇందులో 'కొత్తది' అంటే దరఖాస్తు వేసే రోజుకి లోకానికి తెలియనిది అని అర్థం. ఎవరి ద్వారా తెలిసినా ఒకటే, కనిపెట్టినవాడే చెప్పేసినా ఒకటే. కొన్ని దేశాల్లో సొంతంగా బయటపెట్టినవాళ్లకి ఏడాది గడువిస్తారట. మన దగ్గర అలా లేదు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ఎగ్జిబిషన్లో పెడితే 12 నెలల్లోగా దరఖాస్తు వేసుకోవచ్చు, ఇంకా ఒకటి రెండు చిన్న మినహాయింపులు ఉన్నాయి, అంతే. నేను పెట్టిన ఎగ్జిబిషన్ అలాంటిది కాదు. ఇక యూట్యూబ్ సంగతి చెప్పేదేముంది.

"వీడియో తీసేస్తే?" అని అడిగాను. "చూసిన పదకొండు వేలమంది కళ్లల్లోంచి తీయలేం కదండీ," అన్నారు.

తర్వాతి వేసవికల్లా వేరే జిల్లా నుంచి అచ్చం అలాంటి మెషినే మార్కెట్లోకి వచ్చింది. నేను 9 వేలకి అమ్మేది వాళ్లు 6,500కి ఇచ్చారు. రేకు పలచన, కానీ గాడి కోణం నాదే. చాలా రోజులు నిద్ర పట్టలేదు. వెళ్లి గొడవపడదామని బస్సెక్కి కూడా సగం దారిలో దిగిపోయాను. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్లు చట్టం ప్రకారం తప్పేమీ చేయలేదు. అందరి ముందూ పెట్టినదాన్ని తీసుకున్నారు. నాకు న్యాయం అనిపించదు, అయినా నేరం మాత్రం కాదు.

ఒక్కటి మాత్రం ఆపగలిగాను. వాళ్ల వాట్సాప్ క్యాటలాగ్‌లోనూ, ఒక ఆన్‌లైన్ షాపింగ్ సైట్‌లోనూ పెట్టిన ఫొటోలు నేను తీసినవి. వెనకాల మా షాపు నీలం గోడ, గోడ మీద మల్లేశం గారి పేపర్ కటింగ్ కూడా కనిపిస్తోంది. ఫొటో మీద కాపీరైట్, అంటే దాన్ని ఎవరు వాడుకోవచ్చో చెప్పే హక్కు, మామూలుగా తీసినవాడిది. దానికి ఏ ఆఫీసుకీ వెళ్లక్కర్లేదు, తీసిన క్షణం నుంచే ఉంటుంది. మేడమ్ చెప్పినట్టు ఒరిజినల్ ఫైళ్లు, తీసిన తేదీలు జతచేసి సైట్‌కి మెయిల్ పెట్టాను. వారం తిరక్కుండా ఫొటోలు తీసేశారు. నెలల తరబడి చెమటోడ్చిన మెషిన్‌కి లేని రక్షణ, సెల్‌ఫోన్‌తో అర నిమిషంలో తీసిన ఫొటోకి ఉంది. ఏ వస్తువులో ఏ భాగానికి ఏ చట్టం వర్తిస్తుందో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు ఆ రోజే వచ్చింది.

రెండో మెషిన్ దగ్గర జాగ్రత్తపడ్డాను.

కాయ రెండు చెక్కలయ్యాక లోపలి జీడి తీయాలి, దాని చుట్టూ ఉండే పల్చటి పొర తీయాలి. అది ఆడవాళ్ల పని. మధ్యాహ్నమంతా కూర్చుని చాకు మొనతో ఒక్కొక్కటీ పెకలిస్తారు. సాయంత్రానికి జీడి పసరుకి వేళ్లు నల్లబడి పగిలిపోతాయి. బ్లేడు దిగాక పెడల్ పైకి లేచే దెబ్బ వృథాగా పోతోంది కదా, దాన్ని వాడితే ఎలా ఉంటుందనిపించింది. పెడల్ లేచేటప్పుడు రెండు గరిటెల్లాంటి కొక్కేలు చెక్కల్లోకి వచ్చి జీడిని ఎత్తిపడేసేలా చేశాను. 2019 జూలైకి పనిచేసింది. షాపు షట్టర్ దించి లోపల ట్రయల్స్ వేశాను. కొక్కేలు లేజర్ కటింగ్‌కి విజయవాడ ఆటోనగర్‌లో ఇచ్చేటప్పుడు, ఈ డ్రాయింగ్ ఎవరికీ చూపించనని ఒక పేజీ కాగితం మీద సంతకం పెట్టించుకున్నాను. వాళ్లు తప్పుపట్టలేదు. పెద్ద కంపెనీలవాళ్లు రోజూ పెట్టించుకునేదేనట.

ఆగస్టులో ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు వేశాం. దీని గురించి మనవాళ్లకి అస్సలు తెలియదు. వస్తువు పూర్తి మెరుగులు దిద్దేదాకా ఆగక్కర్లేదు. ఆలోచన ఏమిటో, ఎలా పనిచేస్తుందో వివరంగా రాసి, చేత్తో గీసిన బొమ్మలతో వేసినా ఆ రోజు తేదీ మనకి దఖలు పడుతుంది. మన దేశంలో ముందు దరఖాస్తు వేసినవాడికే పేటెంట్, ముందు కనిపెట్టినవాడికి కాదు. ప్రొవిజనల్ వేసిన 12 నెలల్లో పూర్తి స్పెసిఫికేషన్, అంటే వస్తువు పూర్తి వివరాల పత్రం వేయాలి. వేయకపోతే దరఖాస్తు పోతుంది. ఇంకో మాట. ప్రొవిజనల్‌లో లేని కొత్త విషయం తర్వాత కలిపితే దానికి పాత తేదీ దొరకదు. అందుకని నాలుగు వాక్యాలు రాసి చేతులు దులుపుకోకుండా తెలిసినదంతా అందులోనే రాయాలి.

ఫీజులు అందరూ అడుగుతారు కాబట్టి చెబుతున్నా. సొంత పేరు మీద ఆన్‌లైన్‌లో వేస్తే దరఖాస్తుకి 1,600 రూపాయలు. చిన్న సంస్థలకి, గుర్తింపు ఉన్న స్టార్టప్‌లకి కూడా ఇప్పుడు అంతే. పెద్ద కంపెనీలకి 8,000. పరీక్షించమని అడగడానికి వేరే ఫారం ఉంది, దానికి 4,000. ఈ రెండోదాని దగ్గరే చాలామంది బోల్తాపడుతున్నారు. దరఖాస్తు వేస్తే ఆఫీసువాళ్లే చూస్తారనుకుంటారు. మనం విడిగా అడిగేదాకా ఎవరూ తెరిచి చూడరు. 2024లో మారిన రూల్ ప్రకారం మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల్లోగా అడగాలి. అడగకపోతే మనమే వెనక్కి తీసుకున్నట్టు లెక్క. మా మేడమ్ ఫీజు 30 వేలు, రెండు విడతల్లో తీసుకున్నారు. సొంతంగా రాసుకోవచ్చని చట్టం అంటుంది, కానీ నా సలహా మాత్రం రాసుకోవద్దనే. ఎందుకో చెబుతాను.

క్లెయిములని ఉంటాయి. నా హద్దు ఇక్కడి నుంచి ఇక్కడిదాకా అని చెప్పే వాక్యాలు, పొలానికి సర్వే రాళ్లలాగా. నేను రాసిచ్చినదాంట్లో "స్ప్రింగ్ పెడల్‌ని వెనక్కి లాగుతుంది" అని ఉంది. మేడమ్ పెన్నుతో స్ప్రింగ్ కొట్టేశారు. "రేపు ఎవరో స్ప్రింగ్ తీసి రబ్బరు బెల్టు పెడతారు. అప్పుడు ఇది మీ క్లెయిములోకి రాదంటారు. 'వెనక్కి లాగే సాధనం' అని రాద్దాం. స్ప్రింగ్ దానికి ఒక ఉదాహరణ." గరిటె కూడా 'పుటాకార ఎత్తుడు భాగం' అయింది. రెండు అని నేను రాసినచోట 'కనీసం ఒకటి' అయింది. ఒక సాయంత్రమంతా నా మెషిన్‌లో ఒక్కొక్క భాగం పట్టుకుని, దీన్ని ఎవరైనా ఎలా తప్పించుకోవచ్చని ఇద్దరం ఆలోచించాం. ముప్పై ఏళ్లుగా ఇనుముతో పనిచేస్తున్నాను, నా మెషిన్ నాకు ఆ సాయంత్రమే పూర్తిగా అర్థమైంది.

2020 జూలైలో, కరోనా రోజుల్లో పూర్తి స్పెసిఫికేషన్ వేశాం. మనకి సంబంధించిన పేటెంట్ ఆఫీసు చెన్నైలో ఉంది. రెండు తెలుగు రాష్ట్రాలూ దాని కిందకే వస్తాయి. వెళ్లాల్సిన పనేమీ పడలేదు. మామూలుగా 18 నెలలకి దరఖాస్తు పేటెంట్ జర్నల్లో అచ్చవుతుంది. అలా అచ్చయ్యాక నాకు విదేశీ సంస్థల పేర్లతో, ముద్రలు వేసిన బిల్లుల్లాంటి ఈమెయిల్స్ రెండు వచ్చాయి, ఇంత డబ్బు కడితే మీ పేటెంట్ రిజిస్టర్‌లో ఎక్కిస్తామని. అవి మోసం. జర్నల్లో పేరు చూసి పంపుతారు. పైసా కట్టకండి.

2022లో పరీక్ష నివేదిక వచ్చింది. ఎగ్జామినర్ రెండు పాత పత్రాలు చూపించి అభ్యంతరం రాశాడు. మొదటిది ఏదో విదేశీ పండ్ల గింజలు తీసే యంత్రం. రెండోది చూసి నాకు కాళ్లు వణికాయి. యూట్యూబ్ లింకు, తేదీ ఫిబ్రవరి 2018, కింద మా షాపు పేరు. మామిడికాయ సరిచేసే గాడి, పెడల్, బ్లేడు, అన్నీ ఇందులో ఉన్నాయి, కాబట్టి కొత్తవి కావు అని రాశాడు. మొదటి మెషిన్‌ని పోగొట్టింది చాలక, రెండోదాని మీద కూడా నా వీడియోనే సాక్ష్యంగా వచ్చి కూర్చుంది.

ఆ ఎగ్జామినర్ మీద నాకు కోపం లేదు. ఆయన పని ఆయన శ్రద్ధగా చేశాడు. జవాబుకి ఆరు నెలల గడువిస్తారు. మేడమ్ గాడి, బ్లేడు హద్దుల్లోంచి వదిలేసి, పెడల్ తిరిగి లేచే దెబ్బతో జీడి ఎత్తే భాగం ఒక్కదాన్నీ పట్టుకుని క్లెయిములు తిరగరాశారు. హియరింగ్ వీడియో కాల్‌లో జరిగింది. అరగంట. నాకు టెన్షన్‌తో మంచినీళ్లు కూడా దిగలేదు. 2023లో పేటెంట్ వచ్చింది. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది, మూడో ఏడాది నుంచి రెన్యువల్ కడుతూ ఉంటేనే. నాలాంటివాళ్లకి మొదట్లో ఏడాదికి 800, పోనుపోను పెరుగుతుంది.

పేటెంట్ చేతికి వచ్చేదాకా 'పేటెంట్ పెండింగ్' అని స్టిక్కర్ వేసుకోవచ్చు గానీ దాంతో కోర్టుకి వెళ్లలేం. వచ్చాక మాత్రం, జర్నల్లో అచ్చయిన రోజు నుంచి జరిగిన నష్టం అడగొచ్చు. ఇంకోటి, ఇది ఇండియాలోనే చెల్లుతుంది. వేరే దేశాల్లో కావాలంటే మొదటి దరఖాస్తు వేసిన 12 నెలల్లో అక్కడికి కదలాలి. మన ఆవకాయ ముక్కల మెషిన్ జర్మనీలో ఎవరు కొంటారని నేను ఆ ఖర్చు పెట్టుకోలేదు.

మెషిన్ల గొడవ ఇలా నడుస్తుండగా మా ఆవిడ పచ్చళ్ల వ్యాపారం పెరిగింది. 2016లో పాతిక కేజీలతో మొదలుపెట్టింది. ఆమెకి కావలసింది పేటెంట్ కాదు, పేరు మీద హక్కు ఇచ్చే ట్రేడ్‌మార్క్. మొదట 'నూజివీడు ఆవకాయ' అని పెడదామనుకుంది. ఊరి పేరు, వస్తువు పేరు ఎవరి సొత్తూ కాదు. పక్కింటావిడ కూడా నూజివీడులో ఆవకాయే పెడుతుంది, ఆ మాట వాడకుండా ఆమెని ఎలా ఆపుతాం? 'కమ్మని', 'అసలైన', 'ఇంటి' లాంటివన్నీ అంతే. వస్తువుని వర్ణించే పేరు వ్యాపారానికి సుళువుగా అనిపిస్తుంది, రక్షణ దగ్గరికి వచ్చేసరికి పనికిరాదు. చివరికి మా అత్తగారి ముద్దుపేరులో రెండక్షరాలు, మా మనవరాలు పలికే ఒక మాట కలిపి, నిఘంటువులో లేని పేరు తయారుచేసింది. నాకు మొదట నచ్చలేదు. ఇప్పుడు ఆ పేరు చెబితే జనానికి మా పచ్చడే గుర్తొస్తుంది.

దరఖాస్తుకి ముందు ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో వెతకడం ఉచితం. స్పెల్లింగ్ ఒక్కటే కాదు, వినడానికి దగ్గరగా ఉన్నవి కూడా వెతకాలి. వస్తువుల్నీ సేవల్నీ కలిపి 45 తరగతులుగా విడదీశారు. పచ్చళ్లు 29లోకి వస్తాయి, కారప్పొడులు, మసాలాలు 30లోకి. మా ఆవిడ రెండూ అమ్ముతుంది కాబట్టి రెండు తరగతులకీ కట్టాం, ఒక్కోదానికి 4,500. 30వ తరగతిలో వినడానికి దగ్గరగా ఉన్న పేరు ఇంకొకటి ఉందని అభ్యంతరం వచ్చింది. జవాబుకి నెల రోజులే టైమ్. అక్కడ మమ్మల్ని ఆదుకున్నది ఆమె అటక మీద దాచిన పాత బిల్లు పుస్తకం. కొత్త పేరు పెట్టిన మొదటి వారం నుంచీ ప్రతి బిల్లు మీదా ఆ పేరు, తేదీ ఉన్నాయి. పేరు ఎప్పటి నుంచి వాడుతున్నామన్నది ట్రేడ్‌మార్క్‌లో చాలా బలమైన విషయం. మనకంటే తర్వాత వాడుక మొదలుపెట్టి, మనకంటే ముందు రిజిస్టర్ చేయించుకున్నవాడు కూడా, ముందు నుంచి వాడుతున్నవాళ్లని ఆపలేడు. దయచేసి మొదటి బిల్లులు, మొదటి లేబుళ్లు, పాంప్లెట్లు పారేయకండి.

అభ్యంతరం తీరాక జర్నల్లో వేస్తారు. నాలుగు నెలల్లో ఎవరూ అడ్డు చెప్పకపోతే రిజిస్ట్రేషన్ వస్తుంది. పదేళ్లకొకసారి రెన్యువల్, ఎన్ని పదేళ్లయినా చేసుకోవచ్చు. అప్పటిదాకా పేరు పక్కన టీఎం అని వేసుకోవచ్చు. సున్నాలో ఆర్ మాత్రం రిజిస్ట్రేషన్ వచ్చాకే. ఈ తేడా తెలియక ప్రింటింగ్ ప్రెస్‌వాళ్లు అందంగా ఉంటుందని ఆర్ వేసేస్తుంటారు, ప్రూఫ్ చూసేటప్పుడే తీయించండి.

లేబుల్ మీద జాడీ, జాడీకి కట్టిన వాసెన గుడ్డ బొమ్మ ఉంటుంది. మా ఊరి కుర్రాడు గీశాడు, 3 వేలు ఇచ్చాం. ట్రేడ్‌మార్క్ పనిలో మేడమ్ అడిగారు, బొమ్మ హక్కు మీకు రాసిచ్చాడా అని. డబ్బిచ్చాం కదా అన్నాం. డబ్బిచ్చిన మాత్రాన సరిపోదు, కాపీరైట్ బదిలీ కాగితం మీద ఉండాలి. ఆ కాగితంలో ఎంతకాలమో రాయకపోతే చట్టం ఐదేళ్లే అనుకుంటుంది, ఎక్కడెక్కడో రాయకపోతే ఇండియా వరకే అనుకుంటుంది. డల్లాస్‌లో ఉన్న మా మరదలు అక్కడ తెలుగువాళ్లకి మా పచ్చళ్లు అమ్ముతానంటోంది కాబట్టి ఆ రెండో ముక్క మాకు ముఖ్యం. కుర్రాడిని పిలిచి, ఇంకో 2 వేలు ఇచ్చి, కాలం, దేశాలు అన్నీ విప్పి రాసి సంతకాలు పెట్టుకున్నాం. అతని పేరు లేబుల్ మూల చిన్నగా వేశాం. అది అతను అడగలేదు, మా ఆవిడే వేయించింది. బొమ్మలు గీసేవాళ్లు, పాటలు కట్టేవాళ్లు, కథలు రాసేవాళ్లు ఇదే విషయాన్ని రెండో వైపు నుంచి చూసుకోవాలి. మీరు బతికున్నంతకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు మీ రచన మీదే. ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో చదవకుండా అదంతా ఒక్క పూటలో ఇచ్చేయకండి.

మరి ఆవకాయ పాళ్లు? మా అత్తగారి ఆవపిండి, కారం, ఉప్పు కొలతలకి పేటెంట్ రాదా అని చాలామంది అడిగారు. రాదు. తెలిసిన దినుసుల్ని ఊరికే కలిపినదానికి, తరతరాలుగా వస్తున్న పరిజ్ఞానానికి పేటెంట్ ఇవ్వకూడదని మన చట్టంలోనే ఉంది. రాకపోవడమే మంచిదని నా గట్టి నమ్మకం. 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కి పసుపుతో గాయాలు మాన్పడం మీద పేటెంట్ ఇచ్చేశారు. చెయ్యి తెగితే మా అమ్మమ్మ వంటింట్లోంచి తెచ్చి అద్దే పసుపు! మన ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత సంస్కృత గ్రంథాలు, 1953లో మన డాక్టర్ల పత్రికలో అచ్చయిన వ్యాసం తీసి చూపించింది. ఇది ముందే లోకానికి తెలుసని తేలడంతో 1997లో పేటెంట్ రద్దయింది. ఇది చదివినప్పుడు చాలాసేపు పుస్తకం పక్కన పెట్టి కూర్చున్నాను. నా మొదటి మెషిన్‌ని నాకు కాకుండా చేసిన నియమమే పసుపుని మనందరికీ మిగిల్చింది. ఆ రోజు నుంచి ఆ నియమం మీద నాకున్న కోపం పోయింది.

పాళ్లని కాపాడుకునే దారి గుట్టుగా ఉంచుకోవడమే. దానికంటూ మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, ఒప్పందాల మీదే నడుస్తుంది. మా ఇంట్లో కారం, ఆవపిండి కలిపి సంచుల్లో కట్టేది మా ఆవిడ, మా కోడలు మాత్రమే. పనివాళ్ల దగ్గరికి కలిపిన పొడే వెళ్తుంది. చేరేటప్పుడు ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకుంటాం.

ఊరందరిదీ అయిన పేరుకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు అని వేరే దారుంది. బంగినపల్లి మామిడికి 2017లో వచ్చింది, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో. అది ఏ ఒక్కరి సొంతమూ కాదు. ఆ ప్రాంతంలో ఆ పద్ధతిలో చేసేవాళ్లందరిదీ. కానీ జీఐ వచ్చిందని పేపర్లో చూసి ఊరుకుంటే లాభం లేదు. అక్కడ చేసే ప్రతివాళ్లూ అధీకృత వాడుకదారుగా విడిగా నమోదు చేయించుకోవాలి. చేయించుకున్నవాళ్లు ఎంతమంది అని ఒక పూతరేకుల దుకాణంలో అడిగితే, అలాంటిది ఒకటుందా అని నన్నే తిరిగి అడిగారు.

డబ్బు లేదని ఆగిపోయేవాళ్లకి ఒక మాట. బ్రిగేడియర్ గణేశం గారి పల్లె సృజన, నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటివి చదువు, డబ్బు లేని గ్రామీణ ఆవిష్కర్తల కోసమే పనిచేస్తున్నాయి. నాకు వీటి గురించి 2018కి ముందే తెలిసుంటే ఈ కథ వేరేగా ఉండేది.

మొన్న ఆదివారం ఆగిరిపల్లి వైపు నుంచి ఒక కుర్రాడు బైక్ మీద వచ్చాడు. తాటికాయల్లోంచి ముంజలు చితక్కుండా తీసే పరికరం చేశాడట. ఇరవై రెండేళ్లుంటాయి, చేతుల నిండా తాటి గీతలు. "అన్నా, వీడియో చూపిస్తా," అని ఫోన్ తీశాడు. నేను ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి, నాకు కూడా చూపించొద్దు, ముందు కూర్చో అన్నాను. కాగితం ఇచ్చి, వీడియో లేకుండా మాటల్లో, బొమ్మల్లో రాయమన్నాను. గంటన్నరలో నాలుగు పేజీలు నింపాడు. సోమవారం మేడమ్‌కి ఫోన్ చేసి కలిపిస్తానని చెప్పాను.

వెళ్లబోతుంటే అడిగాను, ఆ వీడియో ఎవరికైనా పంపావా అని.

"మా బావకి ఒక్కడికే అన్నా."

"ఆయన ఎవరికైనా పంపాడా?"

కుర్రాడు బైక్ స్టాండ్ వేసి, వేపచెట్టు కిందకి వెళ్లి వాళ్ల బావకి ఫోన్ కలిపాడు.